తుఫానుకీ వలసకీ మధ్య ఏముంది?

(వాతావరణ మార్పు, వలస, రాజకీయం అన్న అంశం మీద విశ్వవిద్యాలయంలో జరిగిన బహిరంగ ఉపన్యాసం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు వలసల గురించి మీరు పత్రికల్లో చదివిన శీర్షికలు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. "వలసల వెల్లువ." "పోటెత్తిన శరణార్థులు." "సరిహద్దుల్లో జన ఉప్పెన." చూశారా? అన్నీ నీళ్ల మాటలే. ఉప్పెనలో ఇల్లు కొట్టుకుపోయి వచ్చిన మనిషినే మనం ఉప్పెన అంటున్నాం. సరే, ఉప్పెన వస్తే ఏం చేస్తాం? కట్ట కడతాం. అడ్డుకుంటాం. అంటే ఆ మాట నోట్లోంచి వచ్చినప్పుడే విధానం కూడా సగం ఖాయమైపోయింది. ఇంకా ఎవరూ ఏమీ ఆలోచించలేదు, కానీ ఖాయమైపోయింది.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే విషయం. తుఫాను వచ్చింది. మనిషి ఊరు వదిలాడు. ఈ రెండు వాక్యాల మధ్య ఏముంది? మనం మామూలుగా ఏమీ లేదనుకుంటాం, దీని తర్వాత అది అనుకుంటాం. కాస్త దగ్గరికి వెళ్లి చూస్తే ఆ మధ్యలో కరకట్ట ఉంటుంది, తూము ఉంటుంది, అప్పు ఉంటుంది, పట్టా ఉంటుంది, వీసా ఉంటుంది. వాటిలో ప్రతి ఒక్కదాని వెనకా ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయం ఉంటుంది. ఆ మధ్య భాగం గురించే ఈ గంట.

ముందు అంకెల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే భయం అంతా అంకెల మీద నడుస్తోంది. జెనీవాలో అంతర్గత నిర్వాసితుల, అంటే సొంత దేశంలోనే ఇల్లు వదలాల్సి వచ్చినవాళ్ల, లెక్కలు చూసే పర్యవేక్షణ కేంద్రం ఒకటుంది. అది ఏటా రెండు రకాల అంకెలు ఇస్తుంది. దయచేసి ఈ రెండింటినీ కలపకండి. మొదటిది, ఆ ఏడాదిలో ఎన్నిసార్లు మనుషులు ఇల్లు వదలాల్సి వచ్చింది అన్నది. ఒకే మనిషి మూడుసార్లు వదిలితే అది మూడు. రెండోది, డిసెంబరు ఆఖరుకి ఇంకా ఇంటికి చేరనివాళ్లు ఎంతమంది అన్నది. 2024లో విపత్తుల వల్ల జరిగిన కదలికలు 4 కోట్ల 58 లక్షలు. ఆ ఏడాది చివరికి విపత్తుల వల్ల ఇంకా బయటే ఉన్నవాళ్లు 98 లక్షలు. ఆ 98 లక్షల్లో అంతకుముందు ఏళ్లవాళ్లూ కలిసే ఉన్నారు. మొదటి అంకె తీసుకుని "ఒక్క ఏడాదిలో నాలుగున్నర కోట్ల మంది వాతావరణ శరణార్థులు" అని రాసేస్తే ఏమైనట్టు? లెక్క తప్పు, మాట తప్పు, రెండూ తప్పే.

ఇంకో సంగతి చెప్పనా? ఆ 2024 అంకెలో అన్నిటికంటే ఎక్కువ వాటా ఏ దేశానిది? ఎవరైనా చెప్పండి. బంగ్లాదేశ్ కాదు. ఫిలిప్పీన్స్ కాదు. అమెరికా. దాదాపు కోటీ పది లక్షలు. హెలీన్, మిల్టన్ హరికేన్లు వస్తున్నాయని తెలిసి జనాన్ని ముందే ఖాళీ చేయించారు, వాళ్లు కార్లెక్కి వెళ్లారు, చాలామంది కొద్ది రోజుల్లో వెనక్కి వచ్చారు. అదంతా కదలికల కింద లెక్కే. అంటే ఈ అంకె పెరగడం ఒక్కోసారి మంచి వార్త. 1970లో భోలా తుఫానుకి అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో కనీసం మూడు లక్షల మంది చనిపోయారు. 2020లో ఆంఫన్ వచ్చినప్పుడు బంగ్లాదేశ్ దాదాపు 24 లక్షల మందిని ముందే తరలించింది. అక్కడ మరణాలు పదుల్లో ఆగాయి. 1970లో "కదలికలు" తక్కువ, చావులు లక్షల్లో. 2020లో కదలికలు లక్షల్లో, చావులు పదుల్లో. ఏది కావాలి మనకి?

ఇక భవిష్యత్తు అంకెలు. 1990ల్లో నార్మన్ మయర్స్ అనే పర్యావరణవేత్త 20 కోట్లు అన్నారు. ప్రమాదంలో ఉన్న ప్రాంతాల జనాభా తీసుకుని, వాళ్లందరూ కదులుతారనుకుని కూడడం లాంటి పద్ధతి అది. ప్రపంచ బ్యాంకు 2021 నివేదిక ఇంకా జాగ్రత్తగా చేసింది. వాతావరణ ప్రభావం ఉంటే ఎంత కదలిక, లేకపోతే ఎంత, ఆ తేడా చూసింది. 2050 నాటికి ఆరు ప్రాంతాల్లో 21 కోట్ల 60 లక్షల దాకా అంది. ఇక్కడ మూడు మాటలు రాసుకోండి. అది దేశం లోపలి వలస, సరిహద్దు దాటేది కాదు. అది నీటి కొరత, పంట దిగుబడి, సముద్రమట్టం లాంటి నెమ్మదైన మార్పుల లెక్క, తుఫానులు అందులో లేవు. మూడోది ముఖ్యం: అదే నివేదికలో కింది అంకె కూడా ఉంది, 4 కోట్ల 40 లక్షలు. ఉద్గారాలు తగ్గిస్తే, అభివృద్ధి అందరికీ అందితే అంత. పై అంకె ప్రతి పత్రికలోనూ వచ్చింది. కింది అంకె మీలో ఎంతమంది విన్నారు? ఈ రెండింటి మధ్య తేడా 17 కోట్ల 20 లక్షల మంది. రాజకీయం అంటే ఏమిటని నన్నడిగితే ఆ తేడాని చూపిస్తాను.

కరకట్ట లోపల

ఇప్పుడు ఒక్కచోట ఆగి నిదానంగా చూద్దాం. బంగ్లాదేశ్ నైరుతి తీరం, ఖుల్నా వైపు. సుందర్బన్ అడవుల పక్కన. 1960ల్లో, 70ల్లో అక్కడ విదేశీ సాయంతో వందకు పైగా వలయాకారపు కరకట్టలు కట్టారు. పోల్డర్లు అంటారు. ఒక దీవి చుట్టూ మట్టికట్ట, మధ్య మధ్య తూములు. ఉద్దేశం మంచిదే: ఉప్పునీరు లోపలికి రాకూడదు, వరి పండాలి. పండింది కూడా. మొదటి ఇరవై ఏళ్లు బాగానే ఉంది.

అయితే డెల్టా భూమి ఎలా నిలబడుతుంది? రోజుకి రెండుసార్లు పోటు వస్తుంది, ఒండ్రు తెస్తుంది, పరుస్తుంది, పోతుంది. నేల ఒకవైపు కుంగుతూ ఉంటుంది, ఇంకోవైపు ఒండ్రు పైకి లేపుతూ ఉంటుంది. కట్ట వేశాక లోపలికి ఒండ్రు రావడం ఆగింది. కుంగడం ఆగలేదు. ఆ ఒండ్రు ఎక్కడికి పోయింది? బయట కాలువల్లో పేరుకుంది. ఏటి అడుగు లేచింది, పొలం అడుగు దిగింది. సుందర్బన్ పక్కనే ఉన్న ముప్పై రెండో పోల్డరుని కొలిచి చూస్తే, దాని లోపలి నేల పక్కనే ఉన్న అడవి నేల కంటే ఒక మీటరు నుంచి మీటరున్నర దాకా కిందికి ఉంది. కొద్ది దూరంలో అదే సముద్రం, అదే వాతావరణం. అడవి పైన ఉంది, ఊరు కింద ఉంది. మీటరున్నర అంటే ఎంతో ఊహించుకోండి. 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సముద్రమట్టం సగటున పెరిగింది 20 సెంటీమీటర్లు.

దీనికి తోడు 1980ల నుంచి రొయ్యల చెరువులు వచ్చాయి. రొయ్యకి ఉప్పునీరు కావాలి. అందుకని కట్టకి గొట్టాలు గుచ్చారు, కొన్నిచోట్ల కోసేశారు. ఉప్పు రాకూడదని కట్టిన కట్టని ఉప్పు కోసమే బలహీనం చేశారు. పక్కన వరి వేసుకునే చిన్న రైతు పొలంలోకి ఉప్పు ఊరింది. అతను చెరువుకి భూమి కౌలుకివ్వక తప్పలేదు. వరికి పదిమంది కూలీలు కావాలి, చెరువుకి ఇద్దరు చాలు. కూలీలు ఏమయ్యారు?

2009లో ఐలా తుఫాను వచ్చింది. కట్టకి గండ్లు పడ్డాయి. మామూలుగా వరద వస్తే ఏమవుతుంది, తీస్తుంది. ఇక్కడ తీయదు. లోపల పళ్లెంలా పల్లం కదా. ప్రతి పోటుకీ నీరు వస్తుంది, ఆటుకి పూర్తిగా పోదు. గండి పూడ్చేదాకా అంతే. గండి పూడ్చడానికి ఎంత కాలం పట్టింది? ఆ ముప్పై రెండో పోల్డరులో దాదాపు రెండేళ్లు. రెండేళ్లు జనం కట్ట మీద బతికారు, కట్టే ఇల్లు. చిన్న గండి మొదటి వారంలో పూడిస్తే పోయేది, పోటూ ఆటూ రోజూ కోసి కోసి దాన్ని ఏరు చేశాయి. తర్వాత దాన్ని పూడ్చడానికి ఎన్నో రెట్లు డబ్బు కావాలి. ఖుల్నాకీ ఢాకాకీ కదిలినవాళ్లు ఆ రెండేళ్లలో కదిలారు.

మరి వాళ్లని కదిలించింది ఏమిటి? తుఫానా? అవును, తుఫానే. కట్టా? అవును. రొయ్యా? అవును. గండి పూడ్చే గుత్తేదారు ఆలస్యమా? అదీ అవును. నేను వాతావరణ మార్పుని తక్కువ చేయడం లేదు, అపార్థం చేసుకోకండి. సముద్రం పెరుగుతోంది, 2006 నుంచి 2018 మధ్య ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది, వేగం హెచ్చుతోంది. నేను అనేది, కారణాన్నంతా ఆకాశం మీదికి తోసేస్తే గండి పూడ్చాల్సినవాడు తప్పించుకుంటాడు అని. జకార్తా ఉత్తర భాగంలో కొన్నిచోట్ల నేల ఏడాదికి పది సెంటీమీటర్లకు పైగా కుంగింది, కొళాయి నీళ్లు అందరికీ అందక బోర్లతో భూగర్భ జలం తోడడం వల్ల. పది సెంటీమీటర్లు ఎక్కడ, 3.7 మిల్లీమీటర్లు ఎక్కడ?

ఖుల్నా, జెస్సోర్ వైపు జనానికి ఒక ఉపాయం తెలుసు. కావాలనే ఒకచోట కట్ట తెరిచి, కొన్నేళ్లపాటు పోటుని లోపలికి రానిచ్చి, ఒండ్రు పరుచుకున్నాక మూస్తారు. నేల లేస్తుంది, ఏరు లోతవుతుంది. పని చేస్తుంది. మరి అన్నిచోట్లా ఎందుకు చేయరు? ఆ కొన్నేళ్లు ఆ పొలం రైతుకి పంట ఉండదు. పరిహారం టైముకి అందదు. పట్టా ఉన్నవాడికి వస్తుంది, కౌలుకి చేసేవాడికి రాదు. అక్కడ ఆగిపోతుంది. సాంకేతికంగా తేలిన సమస్య, పరిహారం రిజిస్టరు దగ్గర ఆగిపోతోంది.

కదలలేనివాళ్లు

ఇప్పుడొక ప్రశ్న. కరువు వస్తే వలస పెరుగుతుందా, తగ్గుతుందా? పెరుగుతుందనే అంటాం. 1983 నుంచి 85 దాకా మాలీలో గొప్ప కరువు. అక్కడ సెనెగల్ నది లోయలో చేసిన అధ్యయనం చెప్పేదేమిటంటే దూరదేశాల వలస తగ్గింది. ఫ్రాన్సుకి వెళ్లాలంటే డబ్బు కావాలి, కరువులో డబ్బెక్కడిది? ఆడవాళ్లూ పిల్లలూ దగ్గర ఊళ్లకి, కొద్ది నెలలకి వెళ్లి వచ్చే కదలికలు పెరిగాయి. బంగ్లాదేశ్‌లో ఏళ్ల తరబడి అవే కుటుంబాలని గమనించిన పరిశోధన ఒకటి, వరద కంటే పంట పోవడమే జనాన్ని ఎక్కువ కదిలిస్తుందని తేల్చింది. నేలలో ఉప్పు చేరడం గురించి చేసిన ఇంకో పరిశోధన కూడా అదే దారిలో ఉంది: ముంపు ఒక్కటే అయితే కదలిక పెద్దగా లేదు, ఉప్పు పెరిగితే దేశంలోపలి వలస పెరుగుతోంది. ఎందుకని? వరద తీశాక ఒండ్రు మిగులుతుంది, పంట వేసుకోవచ్చు. ఉప్పు మిగిలితే ఏం వేస్తారు?

2011లో బ్రిటన్ ప్రభుత్వం చేయించిన ఒక పెద్ద అధ్యయనం ఈ విషయాన్ని గట్టిగా ముందుకు తెచ్చింది. చిక్కుకుపోయిన జనం అని ఒక వర్గం ఉంది, వాళ్లు ఏ వలస లెక్కలోనూ కనబడరు. ముసలివాళ్లు, అప్పులో ఉన్నవాళ్లు, బిడ్డ కడుపులో ఉన్నవాళ్లు, గేదెని వదిలి పోలేనివాళ్లు. సరిహద్దుకి వచ్చినవాడి ఫోటో పడుతుంది. రాలేనివాడి ఫోటో ఎవరు తీస్తారు? నా మటుకు నాకు వాతావరణ అన్యాయంలో అన్నిటికంటే బరువైన భాగం ఇదే.

సిరియా గురించి కూడా అడుగుతారు మీరు, కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. 2006 నుంచి 2010 దాకా ఈశాన్య సిరియాలో తీవ్రమైన కరువు నిజం. దాన్నుంచి వలస, వలస నుంచి అంతర్యుద్ధం అని ఒక గొలుసు చెప్తారు. పదిహేను లక్షల మంది కదిలారన్న అంకె చెప్తారు, దాని మీద పరిశోధకుల్లోనే గట్టి వివాదం ఉంది. అంతకుముందు దశాబ్దాలుగా పత్తికీ గోధుమకీ భూగర్భ జలం తోడేశారు. 2008లో డీజిలు సబ్సిడీ కోసేశారు, 2009లో ఎరువుల సబ్సిడీ. బావి మోటారు నడిచేది డీజిలుతోనే. అదే కరువు ఇరాక్‌లోనూ ఆగ్నేయ తుర్కియేలోనూ పడింది. యుద్ధాన్ని వానమీద వేస్తే ఎవరికి లాభమో ఆలోచించండి. నిరసన మీద కాల్పులు జరిపించినవారికి లాభం.

చట్టం ఏమంటోంది

"వాతావరణ శరణార్థి" అన్న మాటకి ఇవాళ అంతర్జాతీయ చట్టంలో స్థానం లేదు. 1951 శరణార్థుల ఒడంబడిక ప్రకారం శరణార్థి అంటే జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం, ఈ ఐదింట్లో ఒక కారణంగా హింస ఎదురవుతుందన్న భయంతో దేశం దాటినవాడు. సముద్రం ఎవర్నీ మతం చూసి ముంచదు కదా. పైగా దేశం దాటాలి. మన నిర్వాసితుల్లో అత్యధికులు దాటనే దాటరు.

మరి ఆరో కారణం చేర్చొచ్చు కదా అంటారు. ఇవాళ్టి రాజకీయ వాతావరణంలో ఆ ఒడంబడికని తిరిగి బేరానికి పెడితే ఆరోది చేరకపోగా ఉన్న ఐదింట్లో రెండు పోతాయని శరణార్థుల కోసం పనిచేసేవాళ్లే భయపడుతున్నారు. ఆ భయంలో అర్థం ఉంది.

పసిఫిక్ మహాసముద్రంలో కిరిబాటి అనే దీవుల దేశం ఉంది. అక్కణ్నుంచి వెళ్లిన ఒకాయన న్యూజిలాండ్‌లో శరణు కోరాడు. అక్కడి సుప్రీంకోర్టు 2015లో కాదంది, వెనక్కి పంపేశారు. ఆయన ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకి వెళ్లాడు. 2020 జనవరిలో వెల్లడైన నిర్ణయంలో రెండు ముక్కలున్నాయి. వాతావరణ మార్పు ప్రాణహక్కుకి ముప్పు తెచ్చేచోటికి మనిషిని తిప్పి పంపకూడదన్న బాధ్యత దేశాలకి ఉండొచ్చు అన్నది మొదటి ముక్క. గొప్ప మాట. ఆయన కేసు మాత్రం ఓడిపోయింది. కారణం? ముప్పు రావడానికి పది పదిహేనేళ్లు ఉంది, ఈలోగా కిరిబాటి అంతర్జాతీయ సాయంతో ఏదైనా చేసుకోవచ్చు అని. ఆ సాయం వస్తుందా రాదా అన్నది తీర్పు చేతిలో లేదు. 2025 జూలై 23న అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన సలహా అభిప్రాయం ఇంకో అడుగు వేసింది. తిప్పి పంపకూడదన్న సూత్రం ఇక్కడా వర్తిస్తుందంది. భూమి మునిగిపోయినంత మాత్రాన ఒక దేశం దేశం కాకుండా పోనక్కర్లేదని కూడా అంది.

అంతకంటే ముందే పసిఫిక్‌లోని ఇంకో చిన్న దీవుల దేశం, తువాలు, తన రాజ్యాంగంలో ఆ మాట రాసుకుంది, 2023లో. అదే ఏడాది ఆస్ట్రేలియాతో ఫలెపిలి ఒప్పందం చేసుకుంది, 2024 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. ఏటా 280 మంది తువాలు పౌరులకి ఆస్ట్రేలియాలో శాశ్వత నివాసం, లాటరీ పద్ధతిలో. 2025లో తొలి లాటరీకి కుటుంబ సభ్యులతో కలిపి 8,750 మంది పేర్లిచ్చారు. దేశం మొత్తం జనాభా పదివేల చిల్లర. ఏటా 280 అంటే అందరూ వెళ్లడానికి దాదాపు నలభై ఏళ్లు. ఇందులో మంచిదేమిటంటే మునిగాక పారిపోనక్కర్లేదు, ముందే వెళ్లొచ్చు, వెనక్కి రావొచ్చు. మరి బదులుగా తువాలు ఏమిచ్చింది? వేరే ఏ దేశంతో రక్షణ ఒప్పందం చేసుకోవాలన్నా ఆస్ట్రేలియా సమ్మతి ఉండాలి. నేల పోతున్న దేశం వీసా కోసం తన విదేశాంగ విధానంలో ఒక ముక్క ఇచ్చింది. దాన్ని దయ అనండి, బేరం అనండి, చదివేటప్పుడు రెండు వైపులా చదవండి.

ఊరిని కదిలించడం

ఇక్కడున్న విద్యార్థుల్లో కొందరు రేపు ఈ పనే చేస్తారు, అందుకని కొంచెం వివరంగా. ఫిజీలో వునిదోగొలోవా ఊరిని 2014లో రెండు కిలోమీటర్లు లోపలికి తరలించారు. పనామాలో గర్దీ సుగ్దుబ్ దీవిలోని గుణా తెగ ప్రజలు 2010 ప్రాంతంలో కదలాలని నిర్ణయించుకుంటే, ప్రధాన భూభాగం మీద మూడు వందల ఇళ్ల ఊరు చేతికొచ్చింది 2024 జూన్‌లో. అమెరికాలో లూసియానా తీరంలోని ఐల్ డి జీన్ చార్ల్స్ దీవి జనాన్ని తరలించడానికి 2016లో 4.8 కోట్ల డాలర్లు మంజూరైతే, తొలి కుటుంబాలు ఇళ్లలోకి దిగింది 2022లో. డబ్బున్న దేశం, కొన్ని పదుల కుటుంబాలు, ఆరేళ్లు. ఎందుకు?

భూమి దగ్గర ఆగుతుంది ముందు. ఫిజీ ఊరికి కలిసొచ్చింది ఏమిటంటే, వెళ్లిన చోటు కూడా వాళ్ల వంశాల భూమే. కొనాల్సిన పని లేదు, పక్క ఊరితో తగువు లేదు. అది లేనిచోట మొదట అడగాల్సింది: కొత్త స్థలానికి హక్కుపత్రం ఎవరి పేరున, ఎప్పుడు? ఇళ్లు కట్టాక ఇస్తాం అంటే ఒప్పుకోవద్దు. తర్వాత నీళ్లు. ఇళ్లు లేచాక బోరు పడకపోతే ఆ ఊరు ఊరు కాదు, కాబట్టి వేసవి చివర్లో నీటిని కొలిచాకే పునాది. తర్వాత పనికి దూరం. చేపలు పట్టేవాళ్లని తీరానికి దూరంగా పెడితే వాళ్లు ఏం చేస్తారు? మగవాళ్లు పాత ఊళ్లోనే గుడిసె వేసుకుని ఉండిపోతారు. ఊరు రెండుగా చీలుతుంది, ప్రమాదం అలాగే ఉంటుంది. కాబట్టి పడవకీ వలకీ పాత రేవు దగ్గర చోటు, వెళ్లిరావడానికి బండి, ఇవి పథకంలో మొదటి రోజే ఉండాలి. పాత భూమి మీద హక్కు రద్దు చేస్తామని షరతు పెడితే జనం కదలరు, అది సబబే. మునిగినా అక్కడ వాళ్ల సమాధులున్నాయి. బడి తెరవకముందు కుటుంబాలని తరలించకూడదు. ఇరుగుపొరుగు వరసని చెడగొట్టి లాటరీలో ఇళ్లు ఇవ్వకూడదు. వీటిలో ఒక్కటి తప్పినా అయిదేళ్లలో సగం ఇళ్లకి తాళాలు పడతాయి.

డబ్బు సంగతి క్లుప్తంగా. వాతావరణ మార్పు వల్ల జరిగే నష్టాల కోసం ఒక నిధి పెట్టడానికి 2022లో షర్మ్ ఎల్ షేక్ వాతావరణ సదస్సులో ఒప్పుకున్నారు, అది 2023లో దుబాయి సదస్సులో మొదలైంది. అక్కడ వచ్చిన హామీలు దాదాపు 70 కోట్ల డాలర్లు. 2022 వరదల్లో ఒక్క పాకిస్తాన్‌కి జరిగిన నష్టం మూడు వేల కోట్ల డాలర్లు. పోల్చడానికి కూడా మాట రావడం లేదు. పారిస్ ఒప్పందంతో పాటు ఆమోదించిన నిర్ణయంలో 51వ పేరా ఒకటుంది, చదవండి. నష్టం గురించిన అధికరణం పరిహారానికి గానీ బాధ్యతకి గానీ ఆధారం కాదని అక్కడ స్పష్టంగా రాసిపెట్టారు. అందుకే వచ్చేదంతా సాయంగా వస్తుంది, బాకీగా రాదు.

అదే పాకిస్తాన్‌లో జరుగుతున్న ఒక పని చెప్పి ప్రశ్నలకి వద్దాం. ఆ వరదల్లో దాదాపు 80 లక్షల మంది ఇళ్లు వదిలారు, ఎక్కువమంది సింధ్‌లో. అక్కడ హారీ అంటే భూస్వామి పొలంలో పాలుకి చేసే రైతు. అతని ఇల్లు కూడా భూస్వామి నేల మీదే. ఇల్లు కూలిందని సాయం ఇవ్వాలంటే, ఎవరి నేల మీద కట్టాలి? కూలిన ఇల్లు తనదని అతను దేంతో రుజువు చేయాలి? ఆ తర్వాత ఆ రాష్ట్రం 21 లక్షల ఇళ్లు కట్టే పథకం పెట్టింది. ఇంటితో పాటు ఇంటి స్థలానికి పట్టా కూడా, అదీ ఇంట్లో ఆడమనిషి పేరున. లక్ష్యం ఎంత నెరవేరుతుందో గమనిస్తూ ఉండాలి. కానీ చూడండి, వరదకి వేసిన మందు భూమి హక్కు. మళ్లీ వరద వచ్చినప్పుడు ఆమె కొన్నాళ్లు ఊరు వదిలి వెళ్లినా, తిరిగి రావడానికి తన పేరున ఒక చోటు ఉంటుంది.

సరే, ఇక మీరు అడగండి. వెనక వరుసలవాళ్లు ముందు.